నదిని కొలిచే కార్మికుడు మన సోదరుడే
(కామ్‌రేజ్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మనము సమావేశమైన ఈ కామ్‌రేజ్ తాపీ నది ఒడ్డున ఉన్నది. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద సాత్పురా కొండలలో పుట్టిన ఈ నది 724 కిలోమీటర్లు ప్రవహించి, సూరత్ దాటి సముద్రంలో కలుస్తున్నది. తెలంగాణ నుండి బ్రతుకుతెరువుకై వచ్చిన పద్మశాలి కుటుంబాలు వేలాదిగా సూరత్‌లో జీవిస్తున్నవి. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడుదల కాగా, నగరంలో అధిక భాగం మునిగిపోయినది.

కొండలలో కురిసిన వాన ఎంత నీరై వస్తున్నదో ముందుగా తెలిపేవాడు ఒకడున్నాడు. అతడు జలపరిశీలన కేంద్రంలోని క్షేత్ర కార్మికుడు. ఎగువన బుర్హాన్‌పూర్‌లోను, దిగువన ఈ తాలూకాలోని ఘలాలోను కేంద్ర జలసంఘానికి అట్టి కేంద్రాలున్నవి. వరద రోజులలో రేయింబవళ్లు గంటగంటకు గేజి పలకపై నీటిమట్టం చదవాలి. పడవపై నదిలోనికి వెళ్లి, నీటి లోతులో పదింట ఆరు వంతుల వరకు కరెంట్ మీటరు దించి వేగం చూడాలి. నదిని అడ్డంగా భాగాలు చేసి, ఒక్కొక్క భాగపు వైశాల్యాన్ని అక్కడి వేగంతో గుణించి కూడితే ప్రవాహ పరిమాణం తేలుతుంది. ఒండ్రు ఎంతో తెలియుటకు సీసాలలో నీరు పట్టాలి; వర్షమాపకం చూడాలి.

ఒకప్పుడు ఈ అంకెలు వైర్‌లెస్ ద్వారా, మన తపాలా సోదరుల తంతి ద్వారా చేరేవి. తంతి సేవ 2013లో ముగిసినది. నేడు యంత్రాలే ఉపగ్రహం ద్వారా అంకెలు పంపుతున్నవి. కాని యంత్రానికి బురద అడ్డుపడితే పలక వద్దకు దిగవలసినవాడు మనిషే.

ఈ పని విలువ రైల్వే కార్మికునికి వేరే చెప్పనక్కరలేదు. 2005 అక్టోబరులో చెరువు తెగి వచ్చిన వరదకు వలిగొండ వద్ద రైలు వంతెన కొట్టుకుపోయినది. ఆ కబురు రైలుకంటె ముందు చేరలేదు. డెల్టా ప్యాసింజరులో వందమందికి పైగా మరణించారు. భద్రాచలంలో గోదావరి 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు మూడు హెచ్చరికలు వెలువడును. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు ఎక్కినది. ఆ అంకె వెనుక ఒడ్డున నిలిచి చదివిన ఒక కన్ను ఉన్నది.

ఇంతటి బాధ్యత మోసే ఖలాసీని వానాకాలానికి పిలిచి, వానలు వెళ్లగానే పొమ్మనుట ఏమి న్యాయం? 1985లో రైల్వే ప్రాజెక్టుల క్యాజువల్ కార్మికుల కేసులోను, 1987లో తంతి తపాలా దినసరి కార్మికుల కేసులోను సుప్రీంకోర్టు తీర్పులు మనకు తెలుసు. జలసంఘపు సీజనల్ ఖలాసీలకు తాత్కాలిక హోదా, క్రమబద్ధీకరణ పథకం 1997లో గాని రాలేదు. పథకం వచ్చినంతమాత్రాన పోరాటం ముగియదు. ఏటేటా వచ్చే పని శాశ్వతమైన పని. దానిని కాంట్రాక్టరుకు అప్పగించరాదు. ప్రాణరక్షక జాకెట్టు, గట్టి పడవ, రాత్రి విధికి భత్యం, ప్రమాద బీమా అతని హక్కులు.

మన శాఖలు తమ ప్రాంతంలోని జలపరిశీలన కేంద్రాలకు వెళ్లి ఆ కార్మికులను కలియవలెను. వారి కోరికలను మన తీర్మానాలలో చేర్చవలెను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!