బండి తాళం ఎవరి దగ్గర?

మా కోనసీమ పెళ్ళిమాటల్లో పొలం, బంగారం తర్వాత వచ్చేది మోటారు సైకిలే. 1961 నుంచి కట్నం నేరమైనా ఇది ఆగలేదు. డబ్బు అమ్మాయి తండ్రిది, బండి అల్లుడిది. అమ్మాయి వెనక ఒకపక్కకు తిరిగి కూర్చుంటుంది. వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. మంచి నిబంధనే. కానీ చూడండి, చట్టానికి కూడా మన చీర వెనక సీటు మీదే గుర్తొచ్చింది!

నేను నేర్చుకున్నది నాన్న మూలన పడేసిన రాజ్‌దూత్ మీద. ప్లగ్ మసి గీకి, కార్బొరేటర్ పెట్రోలుతో కడిగితే మూడోరోజుకు పలికింది. కిక్కు ఎదురుతన్ని పిక్క వాచింది. "మగరాయుడు" అన్నారు. పరిశోధనకు కాలవగట్ల వెంట ఊళ్ళు తిరిగిందీ దానిమీదే. సంచిలో ఒక జత బట్టలు, నోటుపుస్తకం, పానా, ఇంకో ప్లగ్. అంతే. ఆఖరి బస్సు కోసం మాట మధ్యలో లేవడం మానేశాకే తిన్న దెబ్బల గురించి, తాకట్టుపోయిన గొలుసుల గురించి విన్నాను. ఆడవాళ్ళు అసలు సంగతి చెప్పేది రాత్రి అంట్లు తోమాకే కదా.

2018లో హైదరాబాదు నుంచి జై భారతి, మరో ముగ్గురు స్త్రీలు బండ్లమీద వియత్నాం దాకా వెళ్ళారు. సంతోషం. మనం ముందు అమలాపురం నుంచి అంతర్వేది వెళ్దాం. మన సంస్థల్లో ఆఫీసు బండి తాళం ఎవరి జేబులో ఉంటోంది? వచ్చే బడ్జెట్‌లో కార్యకర్త బస్సు ఛార్జీల పక్కనే ఆమె లైసెన్సు ఖర్చు కూడా రాయండి.