ఫైల్ పేరు చివర ఏముందో చూడండి

(సంక్షేమ పథకాల లబ్ధిదారుల అవగాహన సమావేశంలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం)

 

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సదరం శిబిరం గురించి ఒక ప్రకటన తయారుచేసి, వర్డ్ ఫైల్‌గా ఊళ్ల వాట్సాప్ గ్రూపులకు పంపించాను. నా కంప్యూటర్లో చక్కటి తెలుగు. ఊళ్లో ఫోన్లలో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు, ఇంగ్లిష్ అక్షరాల ముక్కలు. శిబిరం ఎక్కడో, ఏ కాగితాలు తేవాలో ఎవరికీ తెలియలేదు. మర్నాడు ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చి "బాబూ, అది ఏ భాష?" అని అడిగారు. సమాధానం చెప్పలేకపోయాను.

అలా ఎందుకైందంటే, నేను వాడింది పాత డీటీపీ ఫాంటు. దాని లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల గుర్తులే. పైన తెలుగు బొమ్మ తొడుగుతారు. వర్డ్ ఫైల్ మామూలుగా ఆ ఫాంటును వెంట తీసుకుపోదు. ఫోన్లో ఆ ఫాంటు లేకపోతే తొడుగు ఊడిపోతుంది. పీడీఎఫ్ అలా కాదు. సాధారణంగా ఫాంటును తనలోనే మోసుకుపోతుంది, ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపిస్తుంది. 1993లో పీడీఎఫ్ పుట్టిందే అందుకోసం. మీరిప్పుడు చదివే మా కరపత్రాలు పీడీఎఫ్‌లో రావడానికి కారణం ఆ పెద్దాయనే.

వర్డ్‌లోనూ రెండున్నాయి. డాక్ అనేది పాతది. చివర ఎక్స్ అక్షరం ఉన్న డాక్స్ 2007 నుంచి వచ్చింది. పాత వర్డ్ ఉన్న కంప్యూటర్లో డాక్స్ తెరుచుకోకపోవచ్చు. డ్వాక్రా సంఘం తీర్మానం టైపు చేయించినప్పుడు డీటీపీ షాపులో రెండూ అడగండి అక్కా. ఆఫీసుకివ్వడానికి పీడీఎఫ్. వచ్చే ఏడాది పేర్లు, తేదీలు మార్చుకోవడానికి డాక్స్. లేకపోతే మళ్లీ మొదటినుంచి టైపు, మళ్లీ డబ్బులు.

ఇప్పుడు ఫోటోల సంగతి. జేపీజీ, జేపీఈజీ రెండూ ఒకటే. పాత కంప్యూటర్లలో పేరు చివర మూడక్షరాలే పట్టేవి కాబట్టి ఒక ఈ తీసేశారు, అంతే. పోర్టల్ జేపీజీ మాత్రమే తీసుకుంటానంటే జేపీఈజీ పేరు మార్చి ఇవ్వొచ్చు. కానీ ఈ వెసులుబాటు ఇక్కడికే. జేపీజీని పట్టుకుని చివర పీడీఎఫ్ అని పేరు మార్చేస్తే అది పీడీఎఫ్ కాదు. బియ్యం డబ్బా మీద కందిపప్పు అని రాసినట్టే. పీడీఎఫ్ ఫైల్ లోపల మొదట్లోనే తాను పీడీఎఫ్ అని తెలిపే అక్షరాలుంటాయి. అవి లేకపోతే పోర్టల్ తిప్పికొట్టొచ్చు. ఒక్కోసారి అప్‌లోడ్ అయినట్టే కనిపిస్తుంది, తర్వాత పరిశీలించే అధికారి దగ్గర తెరుచుకోదు. అప్పటికి గడువు దాటిపోతే మన బాధ ఎవరికి చెప్పుకుంటాం? సరిగ్గా మార్చడం కష్టమేం కాదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫోటో తెరిచి, మెనూలో ప్రింట్ నొక్కి, ప్రింటర్ బదులు సేవ్ యాజ్ పీడీఎఫ్ ఎంచుకుంటే చాలు.

ఐఫోన్ నుంచి పిల్లలు పంపిన ఫోటో చివర హెచ్‌ఈఐసీ అని ఉంటే, చాలా చోట్ల తీసుకోరు. వాళ్ల ఫోన్లో కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ కిందకు వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోమనండి. ఇంకో మాట. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గించేస్తుంది, చిన్న అక్షరాలు మసకబారతాయి. కాగితాల ఫోటోలు డాక్యుమెంట్‌గానే పంపండి.

నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇది. మీ ఫోన్లో ఆధార్ మూడు రకాలుగా ఉండొచ్చు. కార్డును తీసిన ఫోటో. ఆ ఫోటోను మార్చిన పీడీఎఫ్. ఆధార్ వెబ్‌సైట్ నుంచి దిగిన ఈ-ఆధార్ పీడీఎఫ్. తెర మీద మూడూ ఒకేలా ఉంటాయి. మూడోదానిలో మాత్రమే డిజిటల్ సంతకం ఉంటుంది. దానికి స్క్రీన్‌షాట్ తీసినా, మళ్లీ ప్రింట్ కొట్టి కొత్త పీడీఎఫ్‌గా దాచినా బొమ్మ మిగులుతుంది, సంతకం పోతుంది. డిజిటల్ సంతకంతో వచ్చే ధ్రువపత్రాలన్నిటికీ ఇంతే. అందుకే వచ్చిన ఫైల్‌ను వచ్చినట్టే దాచుకోండి. కొన్నిటిలో సంతకం దగ్గర పసుపు ప్రశ్నార్థకం కనబడితే నకిలీదేమో అని కంగారు పడొద్దు. సంతకాన్ని ఇంకా సరిచూడలేదని దాని అర్థం. కంప్యూటర్లో సరిచూస్తే తేలుతుంది. ఈ-ఆధార్ తెరవడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది కదా, ఇంగ్లిష్‌లో మీ పేరు మొదటి నాలుగు పెద్దక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. పేరు లక్ష్మి, పుట్టింది 1975 అయితే ఎల్, ఏ, కే, ఎస్, 1975.

డిజీలాకర్ వాడేవాళ్లూ ఇది గమనించాలి. ఇష్యూడ్ విభాగంలో ఉన్నవి ఆయా శాఖలు ఇచ్చినవి, అసలు పత్రంతో సమానం. మీరే ఎక్కించుకున్నవి వేరే విభాగంలో ఉంటాయి, వాటికి ఆ విలువ లేదు.

చివరిది, అన్నిటికన్నా ప్రమాదమైనది. పీఎం కిసాన్ జాబితా అనో, రేషన్ కార్డు ఈకేవైసీ అనో వాట్సాప్‌లో ఫైల్ వస్తుంది. మన మిత్ర సేవల్లో ప్రభుత్వమే వాట్సాప్‌లో పత్రాలిస్తోంది కాబట్టి నమ్మేస్తాం. పేరు మధ్యలో పీడీఎఫ్ అని కూడా రాస్తారు దొంగలు. మధ్యలో కాదు, చిట్టచివర చూడండి. అక్కడ ఏపీకే అని ఉంటే అది కాగితం కాదు, యాప్. తమాషా ఏమిటంటే డాక్స్, ఏపీకే రెండూ లోపల జిప్ మూటలే. ఒక మూటలో ఉత్తరం ఉంటుంది, ఇంకో మూటలో మీ ఫోన్లో దూరే మనిషి. ఆ మనిషి మీ ఓటీపీలు చదివేస్తాడు. పీడీఎఫ్ ఎప్పుడూ ఇన్‌స్టాల్ చేయమని అడగదు. ఆ మాట కనబడగానే ఆగిపోండి. పొరపాటున నొక్కేశారా? ముందు నెట్ ఆపండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, 1930కి వెంటనే చేయండి. ఇంట్లో తిడతారని దాచుకోకండి. ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

ఇప్పుడు అందరూ ఫోన్లు బయటికి తీయండి. ఫైల్స్‌లోకి వెళ్లి డౌన్‌లోడ్స్ తెరవండి. చివర ఏపీకే అని ఎవరికైనా కనబడితే దాన్ని నొక్కకుండా చేయెత్తండి, మన డిజిటల్ అసిస్టెంట్ మీ దగ్గరికే వస్తారు.