ఇంటి కప్పు మీద కరెంటు: అప్పు చేసే ముందు లెక్క
(అనకాపల్లిలో సభ్య సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దాణా సంగతి వదిలి కరెంటు సంగతి ఎత్తుకున్నారేమని మీరనుకోవచ్చు. “ఇంటి మీద సోలారు పలకలు వేయించండి, కరెంటు అమ్ముకుని నెలనెలా డబ్బు తీసుకోండి” అని మన ఊళ్ళలో కొందరు చెప్పుకుపోతున్నారు. ఆ మాట నమ్మి, పాల బిల్లులో కోతకు ఒప్పుకుని అప్పు చేయడానికి సిద్ధపడిన సభ్యులు మా వద్దకు వచ్చారు. అందుకే ఈ నాలుగు మాటలు.

పుట్టిన ప్రతి యూనిట్‌నూ ఖాయమైన ధరకు కొనే పద్ధతిని ఫీడ్-ఇన్ టారిఫ్ అంటారు. జర్మనీ 2000లో చేసిన చట్టంతో 20 ఏళ్ళపాటు ధరకు హామీ ఇచ్చింది. మన ఇళ్ళకు మామూలుగా వచ్చేది అది కాదు, నెట్ మీటరింగు. ఇంట్లో వాడుకోగా మిగిలిన పాలే కేంద్రానికి పోస్తాము కదా, కరెంటూ అంతే. మిగిలింది లైనులోకి పోతుంది, రాత్రి కావలసింది లైను నుంచి వస్తుంది. రెంటినీ మీటరు రాస్తుంది, తేడాకే బిల్లు. పొద్దున పోసిన పాలను సాయంత్రం అదే ధరకు తిరిగిచ్చే సంఘం ఎక్కడా లేదు. ఈ మీటరులో ఆ సౌకర్యం ఉంది. బిల్లులో సర్దగా ఇంకా మిగిలిన యూనిట్లకు మాత్రం నియంత్రణ మండలి నిర్ణయించిన ధరే వస్తుంది. అది పై శ్లాబు ధర కన్నా బాగా తక్కువ.

ఇక లెక్క. 2022 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లు రూ. 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. నెలకు 250 యూనిట్లు కాల్చే ఇంటికి యూనిట్ల ఖర్చు సుమారు 1,236 రూపాయలు. ఒక కిలోవాటు పలకలు మన ఎండకు నెలకు 110 యూనిట్లు ఇస్తాయనుకుందాం. మొదటి కిలోవాటు పై శ్లాబును కోస్తుంది కనుక 729 రూపాయలు ఆదా. రెండో కిలోవాటుకు 450. మూడోదానికి మిగిలిన ఖర్చే 57 రూపాయలు! మీగడ మొదటి గిన్నెలోనే వచ్చేసిందన్నమాట. స్థిర ఛార్జీలు ఎలాగూ తప్పవు.

నెలకు 75 యూనిట్లే కాల్చే ఇంటికి అయ్యే ఖర్చు 192 రూపాయలు. ఆ ఇల్లు అప్పు చేసి పలకలు వేస్తే వాయిదా ఎక్కడి నుంచి కడుతుంది? పాల డబ్బులోంచే.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం ఒక కిలోవాటుకు 30 వేలు, రెంటికి 60 వేలు, మూడు, ఆపైన 78 వేలు ఇస్తుంది. సబ్సిడీ ముందు చేతికి రాదు. మీటరు బిగించి, తనిఖీ అయ్యాక ఖాతాలో పడుతుంది. “మూడు వేస్తే 78 వేలు వస్తాయి” అన్న మాటకు లోబడవద్దు. గత 12 నెలల బిల్లులు ముందు పెట్టుకుని, ఎన్ని కిలోవాట్లు కావాలో మీరే తేల్చండి.

మరొక భ్రమ. లైనులో కరెంటు పోతే, బ్యాటరీ లేని ఈ పలకలు మిట్టమధ్యాహ్నమైనా ఆగిపోతాయి. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం కోసమే ఆ ఏర్పాటు. కనుక కరెంటు కోతలో మోటారు తిరుగుతుందని, గడ్డి కత్తిరించే యంత్రం నడుస్తుందని ఆశ పెట్టుకోకండి.

పక్కన కొబ్బరిచెట్టు నీడ పడే కప్పు పనికిరాదు. బిగింపు దగ్గర మాత్రం పైసా తగ్గించవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన జిల్లాల్లో ఏం చేసిందో చూసినవాళ్ళం. గాలివాన తట్టుకునే బిగింపుకు కంపెనీ పూచీ ఏమిటో కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.