పూసకు బెజ్జమే ప్రాణం

(హస్తకళల ప్రదర్శన సందర్భమున కళాశాల విద్యార్థినీ విద్యార్థులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



జరిగిన సంగతిని వరుస తప్పక వివరించినవానిని ‘పూసగుచ్చినట్లు చెప్పినాడు’ అని మెచ్చుకొంటాము. చాలకాలంగా కంటబడని మిత్రుణ్ణి ‘నల్లపూసవై పోయినావు’ అని నిష్ఠూరమాడుతాము. పూస మన పలుకుబడిలో ఇంతగా కలిసిపోయినది. అయినా, పూస ఎట్లా తయారవుతుందని అడిగితే మనలో పెక్కుమంది జవాబు చెప్పలేము. ఈ ప్రదర్శనలో మీ సహాధ్యాయినులు పాలిమర్ క్లేతో చేసిన రంగురంగుల పూసలను చూసిన తరువాత, ఆ ప్రశ్నను మీ ముందుంచాలని నాకు అనిపించింది.

రాయి ఎంత నునుపు తేలినా, గాజు ఎంత మెరిసినా, బెజ్జం పడనంతవరకు అది పూస కాదు. పూస అందమంతా పైకి కనబడుతుంది. పనివాని శ్రమలో అధికభాగం కంటికి కనబడని బెజ్జంలో దాగి ఉంటుంది. అందుచేత రాతిపూస, గాజుపూస, మెత్తని ముద్దతో చేసిన పూస, ఈ మూడింటిలో బెజ్జం ఏ విధంగా పడుతుందో ముందుగా పరిశీలిద్దాము.

రాతిలో బెజ్జం

గుజరాత్‌లోని ఖంభాత్ పట్టణం రాతిపూసలకు పేరుపొందినది. వాటికి ముడిరాయిని సమకూర్చిన గనులలో ప్రసిద్ధమైనవి భరూచ్ జిల్లాలోని రతన్‌పూర్ ప్రాంతంలో ఉన్నాయి. తవ్వి తీసినప్పుడు కార్నీలియన్ రాయి గోధుమ, పసుపు వన్నెలలో మసకగా ఉంటుంది. దానిని ఎండలో ఆరబెట్టి, మట్టిపాత్రలలో ఉంచి, నెమ్మదిగా కాలుస్తారు. రాతిలోని ఇనుప సమ్మేళనాలు వేడికి మార్పు చెంది ఎరుపు తేరుతుంది. తరువాత ఇనుపమేకు మొనకు రాతిని ఆనించి, గేదెకొమ్ముతో చేసిన సుత్తితో తట్టుతూ పెచ్చులు రాలుస్తారు. రాయి రూపం దిద్దుకొన్న పిమ్మట సానపట్టి, బెజ్జం వేసి, మెరుగుపెడతారు.

ఈ విద్య నిన్నటిది కాదు. సింధునాగరికత కాలంలో, అనగా నాలుగువేల ఐదువందల ఏండ్లనాడే, మన ఉపఖండపు పనివారు పది సెంటీమీటర్లకు మించిన పొడవుగల కార్నీలియన్ పూసలు చేసినారు. అటువంటి పూసలు నేటి ఇరాక్‌లోని ఊర్ నగరపు రాజసమాధులలోనూ దొరికినాయి. ఆనాటి బరమా మొనలు సింధ్‌లోని చన్హుదారోలో, గుజరాత్‌లోని ధోలావీరాలో లభించినాయి. అవి ఒక ప్రత్యేకమైన కఠినశిలతో చేసినవి. చన్హుదారోలో 1935–36లో తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకే పేరుమీద పరిశోధకులు ఆ శిలకు ‘ఎర్నెస్టైట్’ అని పేరుపెట్టినారు. జోనాథన్ మార్క్ కెనోయర్, మాస్సిమో విడాలే అనే పండితులు ఆ తీరు మొనతో ప్రయోగం చేసి చూడగా, గంటకు సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతు మాత్రమే బెజ్జం పడింది. ఈ లెక్కన పది సెంటీమీటర్ల పూసకు నలభై గంటలు, అనగా రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఐదు దినాలు పడుతుంది. అదికూడా మొన విరగకుండా, రాయి పగలకుండా ఉంటేనే.

తరువాతి కాలంలో ఖంభాత్ పనివారు రెండు చిన్న వజ్రపు తునకలు పొదిగిన మొనతో, విల్లుతో తిప్పే బరమాతో ఈ పనిని ఎంతో సులభం చేసినారు. ఒక ప్రక్కనుండి సగం దూరం తొలిచి, పూసను తిప్పి, రెండవ ప్రక్కనుండి తొలుస్తారు. రెండు బెజ్జాలు నడుమ కలుసుకొంటాయి. ఒకేవైపునుండి తొలిస్తే మొన వెలుపలికి వచ్చేచోట రాయి పెచ్చులూడిపోతుంది.

గాజులో బెజ్జం

ఇక మన తెలుగునాటికి వద్దాము. తిరుపతి, శ్రీకాళహస్తి పట్టణాల నడుమ ఏర్పేడు సమీపంలో పాపానాయుడుపేట అనే గ్రామం ఉన్నది. ఆ ప్రాంతం 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. అక్కడి గాజుపూసల పద్ధతి ప్రపంచ పండితులను ఆకర్షించింది. అక్కడ గాజులో బెజ్జం ఎవరూ తొలవరు. అది గాజుతోపాటే సాగుతుంది.

కొలిమిలో కరిగిన గాజును పొడవైన ఇనుప గొట్టం చివర పెద్ద ముద్దగా చేర్చి, శంకువు ఆకారంలోకి తెచ్చి, దాని నడుమ ఇనుప కడ్డీతో బోలు ఏర్పరుస్తారు. ఆ ముద్దను మరల కొలిమిలో పెట్టగా, ఆవలి ప్రక్క ద్వారం వద్ద కూర్చున్న పనివాడు కొక్కెంతో దాని మొనను అందుకొని వెలుపలికి లాగుతాడు. ముద్దలోని బోలు సన్నని గొట్టంగా సాగుతూ వస్తుంది. గొట్టపు లావు, సన్నము అతని చేతివేగం మీద ఆధారపడి ఉంటాయి. ఆ గొట్టాలను చిన్న ముక్కలుగా కోస్తారు. కోసిన అంచులు పదునుగా ఉంటాయి కనుక మరల వేడిచేసి గుండ్రబరచాలి. అయితే వేడికి బెజ్జం మూసుకొనిపోవచ్చు. అందుకని ముక్కలను బూడిదలో కలిపి వేడిచేస్తారు. బూడిద బెజ్జంలో నిండి దానిని కాపాడుతుంది. చల్లారిన తరువాత బూడిద రాల్చి, జల్లెడపట్టి, పూసలను దారాలకు గుచ్చుతారు. ఒక పిడికెడు బూడిదలో ఎంత శాస్త్రజ్ఞానం ఇమిడి ఉన్నదో గమనించండి.

ఇట్లా గొట్టం లాగి చేసే చిన్న పూసలు పుదుచ్చేరి సమీపంలోని అరికమేడులో రెండువేల ఏండ్లనాడు విస్తారంగా తయారైనాయి. అక్కడ 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపినాడు. అదే తీరు పూసలు శ్రీలంకలో, థాయ్‌లాండ్‌లో, వియత్నాంలో, తూర్పున కొరియా వరకు, పడమట ఆఫ్రికా తూర్పుతీరం వరకు లభించినాయి. పూసల చరిత్రకారుడు పీటర్ ఫ్రాన్సిస్ వీటికి ‘ఇండో-పసిఫిక్ పూసలు’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చినాడు. అరికమేడు శిథిలాలలోని గాజుతునకలను అర్థం చేసుకొనడానికి ఆయన వంటి పరిశోధకులకు పాపానాయుడుపేట కొలుములే పాఠశాల అయినాయి.

మెత్తని ముద్దలో బెజ్జం

ఇప్పుడు మీ చేతిలోని పాలిమర్ క్లేను చూద్దాము. పేరులో క్లే ఉన్నా అది నేల తవ్వి తీసిన మట్టి కాదు. పి.వి.సి. అనే ప్లాస్టిక్ పొడికి మెత్తదనమిచ్చే ద్రవాలు, రంగులు కలిపి చేసిన ముద్ద. ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో జర్మనీ, అమెరికాలలో రూపొంది, నేడు మన పట్టణాలలో గృహపరిశ్రమగా వ్యాపించింది. అరచేతులతో బాగా మర్దించి, గుండ్రంగా చుట్టి, కొంతసేపు గట్టిపడనిచ్చి, సూదిని తిప్పుతూ గుచ్చాలి. సూదిమొన ఆవలిప్రక్క కనబడగానే తీసి, అక్కడినుండి మరల గుచ్చితే అంచు ఉబ్బదు. ఖంభాత్ పనివాని సూత్రమే మీ సూదికీ వర్తిస్తున్నది.

వేర్వేరు రంగుల కడ్డీలను పూవు ఆకారంలో పేర్చి, కలిపి నొక్కి, సాగదీసి, బిళ్లలుగా కోస్తే ప్రతి బిళ్లలోనూ అదే పూవు కనబడుతుంది. ఇది ప్రాచీన గాజుపనివారినుండి వచ్చిన ఉపాయం. పూసలను సాధారణంగా 130 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో, పొట్లంపై సూచించినంతసేపు కాల్చాలి. వేడి మితిమీరితే పి.వి.సి. మాడి, హానికరమైన హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. కిటికీలు తెరచి ఉంచండి. ఇందుకు వాడిన పాత్రలను వంటకు వాడకండి.

ధూళి అడిగే ప్రశ్న

గది కిటికీ తెరవడం మీకు సులభం. ఖంభాత్ పరిసరాలలో ఇంటి వసారాలోనే రాతిని సానపట్టే కుటుంబాలకు అది అంత సులభం కాలేదు. కార్నీలియన్, అకీకు రాళ్లలో సిలికా ఉన్నది. సానరాయి నుండి లేచే సన్నని ధూళి ఏండ్లతరబడి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ వ్యాధి కలిగిస్తుంది. దానిని నయంచేసే మందు లేదు. క్షయ సోకే ప్రమాదం కూడా దానివల్ల పెరుగుతుంది. పని చేయనివారు సైతం ఇరుగుపొరుగున ఉండి ఆ ధూళి పీల్చినారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ విషయమై అధ్యయనాలు జరిపి, ధూళిని పీల్చివేసే సాధనాలను కూడా రూపొందించింది. నయంకాని ఈ వ్యాధి నివారించదగినదే. నీటితో తడుపుతూ సానపట్టడం, ధూళిని పుట్టినచోటనే లాగివేయడం, నివాసానికి దూరంగా పని జరపడం, ఇవి మార్గాలు. అయితే వీటికి ఖర్చవుతుంది. ముక్కకింత కూలి పొందే పనివాడు ఆ ఖర్చు భరించలేడు. పూస కొనేవారు ఆ సంగతి ఎరుగరు.

ఇక్కడ దేశసమైక్యతకు సంబంధించిన విషయమొకటి ఉన్నది. ఖంభాత్ కార్నీలియన్ పూసలు పడమటి తీరంనుండి వర్తకుల చేతులు మారి నాగాభూమికి చేరినాయి. అక్కడి కంఠాభరణాలలో వాటికి గౌరవస్థానం లభించింది. తరం తరువాత తరం వాటిని కుటుంబసంపదగా దాచుకొన్నది. రతన్‌పూర్ కొండమీద బావా గోర్ దర్గా ఉన్నది. ఆఫ్రికా మూలాలుగల సిద్దీలు ఆ సాధువును ఆరాధిస్తారు. అకీకు వ్యాపారానికి ఆయన ఆద్యుడని అక్కడి ఐతిహ్యం. వివిధ మతాలవారు ఆ కొండ ఎక్కుతారు. ఒక ఎర్రరాయి ఇందరిని కలిపింది. కాని ధరించినవారికి చేసినవాడు తెలియడు, చేసినవానికి ధరించినవారు తెలియరు. భారతదేశం ఒక హారమని మనం తరచుగా అంటాము. ఒక పూస చేసే చేతికి జబ్బుచేస్తే ఆ సంగతి రెండవ పూసకు తెలియని హారం, ఎంత అందమైనదైనా, అసంపూర్ణమే.

కనుక విద్యార్థులకు నాదొక కోరిక. పూస కొనేటప్పుడు ధరతోపాటు ఊరి పేరు అడగండి. అది రాతిపూస అయితే, సానపట్టినచోట నీరు వాడినారా అని అడగండి. దుకాణదారుకు మొదటిసారి తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే తెలుసుకొంటాడు. మీ ప్రాంతంలో పూసలు, గాజులు, లక్క వస్తువులు చేసేవారున్నచో సెలవులలో వారి వద్దకు వెళ్లి, పనిముట్ల పేర్లు వారు పలికినట్లే వ్రాసుకొని, పని వరుసను పూసగుచ్చినట్లు నమోదుచేసి, ఒక ప్రతిని మీ గ్రంథాలయంలో ఉంచండి. బూడిద బెజ్జాన్ని కాపాడుతుందనే రహస్యం పాపానాయుడుపేట పనివారి చేతులలో నిలిచి ఉండబట్టే ప్రపంచానికి తెలిసింది. కొలిమి ఆరిపోయిన తరువాత అటువంటి రహస్యాన్ని చెప్పగలవారు ఉండరు. కొలిమి వెలుగుతుండగానే వెళ్లండి.

సెలవు.