ఆవిర్లు అనుకున్న రాత్రి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమన్నప్పుడు, ఇంజనీరు కదా, కరెంటు గురించో కంప్యూటర్ల గురించో చెబుతాడని మీరు అనుకుని ఉంటారు. నేను చెప్పబోయేది షుగర్ గురించి. అందులోనూ ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోయే వయసులో షుగర్ పెట్టే తిప్పల గురించి. మగవాడికెందుకీ సంగతి అని ముందు వరసలో ఒకరిద్దరు నవ్వుతున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. దాని ఫలితం ఏమైందో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను. మా ఆవిడ అనుమతి తీసుకునే చెబుతున్నాను. "షుగర్ అంకెలు ఎన్నయినా చెప్పుకోండి, నా బరువు మాత్రం చెప్పకండి" అని షరతు పెట్టింది.

ఆమెకు నలభై రెండో ఏట షుగర్ అని తేలింది. మాత్రలు, పొద్దున నడక, రాత్రికి జొన్నరొట్టె. అయిదేళ్ళు బాగానే గడిచింది. పరగడుపున 120 చుట్టూ ఉండేది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 లోపే ఉండేది. నలభై ఏడు దాటాక లెక్క తప్పింది. తిండి అదే, నడక అదే, మాత్రలూ అవే. పరగడుపున ఒకరోజు 118, మర్నాడు 185. హెచ్‌బీఏ1సీ 8.4కి వెళ్ళింది.

నేను ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసేవాణ్ణి. గేజిలో అంకె తేడాగా కనబడితే ముందు గేజి సరిగ్గా ఉందా అని చూస్తాం. తర్వాత లైనులో ఏం మారిందో చూస్తాం. ఆపరేటర్‌ను నిలదీయడం అన్నిటికన్నా చివరి పని. ఇంట్లో మాత్రం ఆ చివరి పని మొదట చేశాను. "ఏం తిన్నావ్?" అన్నదే నా మొదటి ప్రశ్న. సున్నుండల డబ్బా అటకెక్కించాను. పెళ్ళికి వెళితే నా చూపంతా ఆమె విస్తరి మీదే. "ఏమీ తినకుండానే పెరుగుతుందా?" అని అడిగేవాణ్ణి. ఆమె దగ్గర జవాబు లేదు. కొన్నాళ్ళకు కొలుచుకోవడమే మానేసింది. అంకె లేదు కాబట్టి గొడవా లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని నేను సంతోషించాను కూడా.

అప్పటికే ఆమెకు ఆవిర్లు మొదలయ్యాయి. ఉన్నట్టుండి ఛాతీ నుంచి ముఖం దాకా వేడెక్కడం, చెమటలు, గుండె దడ, కాసేపటికి చలి. రాత్రిళ్ళు రెండు మూడుసార్లు లేచి కూర్చునేది. నేను ఫ్యాను పెంచి అటు తిరిగి పడుకునేవాణ్ణి.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు అలాగే లేచింది. జాకెట్టు తడిసిపోయింది. మామూలేగా అనుకుని ఫ్యాను పెంచాను. మంచినీళ్ళు కావాలా అంటే ఏదో అంది, మాటకూ మాటకూ పొంతన లేదు. చేయి పట్టుకుంటే వణుకుతోంది. అప్పుడు భయమేసింది. బీరువాలో మూల పడి ఉన్న గ్లూకోమీటర్ తీసి కొలిస్తే 52. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంట తర్వాత 84 వచ్చింది. నాలుగు బిస్కెట్లు తిని, అప్పుడు నావైపు సరిగ్గా చూసింది.

జరిగింది ఏమిటంటే, అంకె పెరిగిందని ఆ నెలలోనే గ్లిమెపిరైడ్ మాత్ర మోతాదు పెంచారు. నా మాటలకు జంకి ఆమె రాత్రి భోజనం మానేసి మజ్జిగ తాగి పడుకుంటోంది. ఆ మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. "కొలుచుకుని ఉంటే తెలిసేది కదా" అన్నాను. "కొలిస్తే మీరు తిడతారని కొలవలేదండీ" అంది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఎన్నో మీటర్లు బాగుచేశాను. ఇంట్లో ఉన్న ఒక్క మీటరునూ నా నోటితో ఆపేశాను.

ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం. షుగర్ వచ్చాక ఆమెతో నేను లోపలికి వెళ్ళి కూర్చోవడం అదే మొదటిసారి. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో మీకు చెబుతాను.

వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ అంటారు. మన దేశంలో ఆడవాళ్ళకు సగటున 46, 47 ఏళ్ళకే వస్తుంది. దానికి ముందు కొన్నేళ్ళ పాటు ఈస్ట్రోజెన్ హార్మోను ఒక పద్ధతి లేకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడానికి ఈ హార్మోను తోడ్పడుతుంది. అది తగ్గేకొద్దీ కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది, కండ తగ్గుతుంది, ఇన్సులిన్ మాట ఒంట్లో చెల్లదు. పైగా ఆవిర్ల వల్ల నిద్ర చెడుతుంది. నిద్ర చెడిన మర్నాడు షుగర్ పెరగడం సహజం. అంటే, తిండి మారకపోయినా అంకె మారుతుంది. మా ఆవిడ అబద్ధం చెప్పలేదు.

ఇంకో విషయం చెప్పగానే నాలోని ఇన్‌స్ట్రుమెంటేషన్ వాడు తలదించుకున్నాడు. ఈ వయసులో కొందరికి నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంది. ఇనుము లోపించి రక్తహీనత వస్తే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. మా ఆవిడ హిమోగ్లోబిన్ 9.6. అంటే 8.4 అన్న అంకెలోనే కొంత తేడా ఉండవచ్చు. గేజి సరిచూడకుండా ఆపరేటర్‌ను తిట్టానన్నమాట! ఇంట్లో మీటరు సంగతీ అంతే. అసలు 200 ఉన్నప్పుడు అది 170 నుంచి 230 మధ్య ఏది చూపించినా అంతర్జాతీయ ప్రమాణం ఒప్పుకుంటుంది. కాబట్టి ఒక్క అంకెను పట్టుకుని ఎవరినీ దోషిని చేయకూడదు. పది రోజుల అంకెలు వరసగా చూడాలి.

ఇక్కడే మన సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. ల్యాబులో థర్మామీటర్ చూసి, తర్వాత రాద్దాంలే అనుకున్నవాడికి బెంచీ మీద నిలబడటం ఖాయం. చూసిన వెంటనే, చూసింది చూసినట్టు రికార్డు పుస్తకంలో పడాల్సిందే. బాగుందనిపించేలా దిద్దితే ఇంకో శిక్ష. మా ఇంట్లోనూ ఒక నోటు పుస్తకం పెట్టాం. తేదీ, వేళ, షుగర్, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఎన్నిసార్లు ఆవిర్లు, ఏం తిన్నది, నెలసరి వస్తే ఆ గుర్తు. ఒకటే నియమం పెట్టుకున్నాం. పుస్తకం చూసి నేను ప్రశ్న వేయకూడదు.

రెండు నెలల్లో పుస్తకమే మాట్లాడింది. నాలుగు గంటలకంటే తక్కువ నిద్రపోయిన మర్నాడల్లా పరగడుపు అంకె ఎక్కువ. రాత్రి తొమ్మిదిన్నరకు తిన్న రోజుకంటే ఏడున్నరకు తిన్న రోజు నయం. భోజనమయ్యాక పావుగంట నడిచిన రోజు ఇంకా నయం. సాయంత్రం కాఫీ, కారం ఎక్కువైన పచ్చడి పడ్డ రోజు ఆవిర్లు ఎక్కువ. ఆ పుస్తకం చూసి డాక్టరమ్మ మాత్ర మార్చారు, రక్తహీనతకు మందు ఇచ్చారు, థైరాయిడ్ పరీక్ష, బీ12 పరీక్ష చేయించారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బీ12 తగ్గవచ్చట. కండ నిలవడానికి వారంలో రెండు మూడు రోజులు తేలికపాటి బరువులెత్తే వ్యాయామం చెప్పారు. అన్నం తగ్గించి కూర, పప్పు, గుడ్డు పెంచమన్నారు. ఇప్పుడు హెచ్‌బీఏ1సీ 7.1. ఇంకా అప్పుడప్పుడూ 170 వస్తుంది. ఇప్పుడు ఆ అంకె చూసి ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడరు.

నేను డాక్టరును కాను. మందుల సంగతి, హార్మోను చికిత్స సంగతి మీ డాక్టరే తేల్చాలి. గుండె, రొమ్ము, రక్తం గడ్డల చరిత్ర చూసి గానీ అవి ఇవ్వరు. అయినా ప్రతి ఇంటికీ అవసరమైన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది. చెమట, దడ వస్తే అది ఆవిరో, షుగర్ పడిపోవడమో పైకి చూసి చెప్పలేం. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారు వెంటనే కొలవాలి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ కొలవాలి. మీటరు చేతిలో లేకపోతే పడిపోయిందనే అనుకుని తీపి తీసుకోవాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. కార్తీక సోమవారాల ఉపవాసాలు మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడకుండా చేయకండి.

రెండోది. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా డాక్టరుకు చూపించాలి. షుగర్, ఊబకాయం ఉన్నవారికి గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ముప్పు ఎక్కువ. సిగ్గుపడి ఆలస్యం చేయవద్దు.

మూడోది, ముఖ్యంగా మన టీచరమ్మలకు. బాత్రూము బాగుండదని బడిలో నీళ్ళు తాగడం మానేస్తున్నారు. షుగర్ ఉండి, మెనోపాజ్ వల్ల లోపల పొడిబారితే మూత్రంలో ఇన్ఫెక్షన్ సులువుగా వస్తుంది, దాంతో షుగర్ ఇంకా పెరుగుతుంది. బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి. ఈ వయసు దాటాక గుండెకు ముందున్న రక్షణ తగ్గుతుంది.

నాలుగోది మగవాళ్ళకు. ఇంట్లో ఆడమనిషి షుగర్ కొలుచుకుంటుంటే పక్కన కూర్చోండి. అంకె ఎంతొచ్చినా ముందు "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. ఏం తిన్నావన్న ప్రశ్న ఆ రోజుకు మానేయండి.

సంఘానికి ఒక విన్నపం. మనం పెట్టే వైద్య శిబిరంలో వేలు గుచ్చి అంకె చెప్పి పంపేస్తున్నాం. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళ కోసం వేరుగా ఒక గది, ఒక లేడీ డాక్టరు ఏర్పాటు చేద్దాం. నోటు పుస్తకాలు నేనిస్తాను. అలాగే స్వర్ణోత్సవ నిధిలో టీచరమ్మల బాత్రూము బాగుచేయడానికి మొదటి చందా మా ఆవిడ పేరున రాసుకోండి.

 మాస్టారూ, రికార్డు పుస్తకం ఇంటికి కూడా పనికొచ్చిందండీ. సెలవు.