మన ఒంట్లో ఏది అతుకుతుంది, ఏది అతకదు?

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఆర్. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెబుతారు. ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం బోధించినవాణ్ణి గనుక నన్ను కణజాలాల గురించి మాట్లాడమన్నారు.

ఒకే తీరు కణాలు కూడి ఒక పని చేస్తే దాన్ని కణజాలం అంటాం. ఫ్రాన్సు వైద్యుడు బిషా 1801లో అచ్చయిన తన గ్రంథంలో, సూక్ష్మదర్శిని వాడకుండానే 21 రకాలు లెక్కగట్టాడు. ఇప్పుడు ముఖ్యంగా నాలుగంటున్నాం. ఉపకళా, సంయోజక, కండర, నాడీ కణజాలాలు. పిల్లలు పరీక్షకు ఈ పేర్లు వల్లిస్తారు. మనకు కావలసింది వేరు. దెబ్బతింటే ఏది కోలుకుంటుంది, ఏది కోలుకోదు?

ఉపకళ అంటే పైపూత వంటిది. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకే కొత్తదవుతుంది. చర్మం పైపొరకు సుమారు నెల, మన వయసులో ఇంకాస్త ఎక్కువ. అందుకే మనవడి గాయం మానినంత తొందరగా తాతది మానదు.

ఎముక, మృదులాస్థి, కొవ్వు, చివరికి రక్తం కూడా సంయోజక కణజాలమే. ఎముకకు రక్తనాళాలున్నాయి, విరిగితే అతుకుతుంది. మోకాట్లో గుజ్జు అరిగిందంటామే, ఆ మృదులాస్థికి రక్తనాళాలు లేవు. మర్దనతో నొప్పి తగ్గవచ్చు గాని గుజ్జు పెరగదు.

కాలిచేతుల కండరాలు వయసుతో తరుగుతాయి. అయినా పని చెబితే ఎనభైలోనూ బలపడతాయి. గుండె కండరం అలా కాదు.

2016లో ఒక తెల్లవారుజామున నాకు ఛాతీ బరువెక్కి చెమటలు పట్టాయి. గ్యాసనుకున్నాను. ఆసుపత్రికి పోదామన్న మా ఆవిడను కసిరి, వామునీళ్ళు తాగి పడుకున్నాను. వెళ్ళేసరికి సాయంత్రమైంది. ప్రాణం దక్కింది గాని, గుండె గోడలో కొంత భాగం కదలడం లేదని ఎకో తీసిన డాక్టరు చెప్పారు. చచ్చిన గుండె కండరం తిరిగి పెరగదు. ఆ చోట సంయోజక కణజాలం మచ్చ కడుతుంది. మచ్చ గోడను పట్టి ఉంచుతుందే గాని కొట్టుకోదు. ఈ పాఠం ఏటేటా నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పినవాణ్ణి నేనే!

మెదడులోని నాడీకణాలదీ దాదాపు ఇదే కథ. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే, దాన్ని కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.

నాకిప్పుడు పది మెట్లెక్కితే ఆయాసం. ఈసారి సభను కింది హాల్లో పెట్టించిన కార్యదర్శిగారికి కృతజ్ఞతలు. సెలవు.