తిరిగివచ్చు రాకెట్టు

(నాచారమునందలి యొక పఠనమందిరమున జరిగిన సభలో చేసిన యుపన్యాసపు పాఠము)

ఉప్పలు, నాచారము వాసుల సభలో రాకెట్టును గూర్చి ప్రసంగింప బూనితిమని విని మిత్రులు కొందఱు నవ్విరి. నీళ్ళ కొరతను గూర్చియో, వీధి గుంతలను గూర్చియో మాటలాడక ఆకాశమునకు నిచ్చెన వేయనేల యని వారి ప్రశ్న. మా సమాధానము సులభము. రాకెట్టు ఎగురునది ఆకాశముననే గాని పుట్టునది కార్ఖానాలో. లేతుమర తిరుగని యూరిలో రాకెట్టు పుట్టదు. ఆ మరల చప్పుడు పగలంతయు వినుచు బ్రదుకు ఈ పారిశ్రామికవాడల జనమునకు దీనిని గూర్చి విచారించుటకు గల హక్కు మఱెవ్వరి హక్కుకంటెను తక్కువ కాదు.

మఱియు మన హైదరాబాదు ఈ విద్యకు క్రొత్త గాదు. ఉప్పలు రోడ్డుపై జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో నెలకొనెను. 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్సు కార్పొరేషను మనకు సమీపముననే యున్నది. చంద్రయానపు సందేశములను వినుటకై బెంగుళూరు చెంత బ్యాలాలులో నిలిపిన 32 మీటర్ల మహా ఆంటెన్నా ఆ సంస్థ చేతిపనియే. కంచన్‌బాగులోని మిధాని రాకెట్ల కవచములకు వలయు ప్రత్యేకపు టుక్కును కరగించి యిచ్చినది. బాలానగరులోని ఎం.టి.ఏ.ఆర్. సంస్థ వికాస్ ఇంజనులను మలచి యిచ్చినది. కావున ఇది పరుల ముచ్చట కాదు, మన యింటి ముచ్చటయే.

ఇక విషయమునకు వత్తము. రాకెట్టు యనగా తనకు వలయు ఇంధనమును, దానిని మండించు ప్రాణవాయువును రెంటిని తానే మోసికొనిపోవు బండి. ఒక వస్తువు భూమిపై బడక కక్ష్యలో తిరుగుచుండవలెనన్న గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగము వలయును. ఆ వేగమునకై బండి బరువులో అత్యధికభాగము ఇంధనమునకే పోవును. చేరవేయబడు సరకు నూటికి రెండు మూడు పాళ్ళు, మహా యైన నాలుగు పాళ్ళు. ఇట్టి బండిని నెలల తరబడి కష్టించి కట్టి, కొన్ని నిమిషముల పనికి వాడి, సముద్రమున పాఱవైచుట పూర్వాచారము. గోదావరి దాటుటకు పడవ కట్టి, ఆవలి యొడ్డు చేరగనే దానిని ముంచివేసి, మఱునాటికి మఱియొక పడవకై వడ్రంగిని పిలుచువానిని మన మేమందుము? 1957లో స్పుత్నిక్ ఎగిరిన నాటినుండి ఏబది యేండ్లకు పైగా ప్రపంచము చేసిన పని దాదాపుగా నిదియే.

తప్పించుకొన జూచినవారు లేకపోలేదు. అమెరికావారు 1981లో స్పేస్ షటిల్ అను రెక్కల నౌకను ఎగురవేసిరి. అది తిరిగివచ్చెను గాని, వచ్చిన ప్రతిసారియు దానిని విప్పి, తుడిచి, పలక పలకను పరీక్షించి మరల సిద్ధపఱచుటకు మాసములు పట్టెను, వ్యయము తగ్గలేదు. 1986లోను 2003లోను రెండు నౌకలు నశించి పదునలుగురు ప్రాణములు గోల్పోయిరి. 2011లో ఆ యధ్యాయము ముగిసెను. తిరిగివచ్చుట వేఱు, తిరిగి వెంటనే పనికివచ్చుట వేఱు అని ఆ యనుభవము నేర్పినది.

రెండవ యత్నము ఒక వర్తకసంస్థది. స్పేస్ఎక్స్ వారి చిన్న రాకెట్టు మూడుమారులు వరుసగా విఫలమై 2008లో కక్ష్య చేరెను. 2015 డిసెంబరున వారి ఫాల్కన్-9 మొదటి దశ నేలకు దిగి నిలిచినది. 2017 మార్చి 30న, ఒకసారి ఎగిరివచ్చిన దశయే మరల నెగిరెను. 2025 నాటికి ఒకే దశ ముప్పదిసారులకు పైగా ఎగిరినది. ఆ యేడు నవంబరున బ్లూ ఆరిజిన్ అను మఱియొక అమెరికా సంస్థయు తన పెద్ద రాకెట్టు మొదటి దశను సముద్రముపై నౌకమీద దింపుకొనెను. దిగు విధ మిట్టిది: మొదటి దశ డెబ్బది కిలోమీటర్ల యెత్తున పైదశనుండి విడివడును, వెనుదిరిగి, ఇంజనులలో కొన్నింటిని మరల వెలిగించి వేగమును జంపుకొనును, జాలీవంటి లోహపు రెక్కలతో దారి దిద్దుకొనును, నేల చేరునప్పుడు నాలుగు కాళ్ళు చాపి నిలుచును.

చూచువారికి ఇది ఇంద్రజాలమువలె నుండును. లెక్క చూచువారికి మాత్రము దీనికొక ఖరీదు గలదు. తిరిగివచ్చుటకు ఇంధనము మిగుల్చుకొనవలయును. కాళ్ళు, రెక్కలు మోయవలయును. దశను పాఱవైచునపుడు సుమారు 22 టన్నులు మోయు ఫాల్కన్, దానిని దక్కించుకొనునపుడు సుమారు 17, 18 టన్నులే మోయగలదు. ఈ నష్టము పూడవలెనన్న రాకెట్టు తఱచుగా నెగురవలయును. నెలకొకమారు కదలు బస్సునకు డిపో, డ్రైవరు, మరమ్మతుశాల అన్నియు కట్టిన సంస్థ ఏమగును? 2024లో ఫాల్కన్ 130 పర్యాయములకు పైగా ఎగిరెను. ఆ యేడు మన దేశమునుండి కక్ష్యకై జరిగిన ప్రయోగములు ఐదు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని ఆలోచింపుడని మా ప్రార్థన. మనకు లేనిది బుద్ధి కాదు. పని యొక్క రద్దీ.

మన ప్రభుత్వసంస్థయైన ఇస్రో ఈ దారిని విడువలేదు. 2016 మే 23న రెక్కలుగల నమూనానొకదానిని శ్రీహరికోటనుండి పంపి బంగాళాఖాతముపై దిగు విధమును పరీక్షించెను. 2023 ఏప్రిలునందును, 2024 మార్చి, జూను మాసములందును కర్ణాటకములోని చిత్రదుర్గప్రాంతమున హెలికాప్టరునుండి విడిచిన నమూనా తనంత తానే దారి దిద్దుకొని రన్‌వేపై దిగెను. 2024 సెప్టెంబరున కేంద్ర మంత్రివర్గము మొదటి దశ తిరిగివచ్చునట్టి క్రొత్త రాకెట్టునకు సుమారు 8,240 కోట్ల రూపాయల నంగీకరించి ఎనిమిదేండ్ల గడువు పెట్టెను. అది 30 టన్నులు మోయవలెనని సంకల్పము.

ఇక మన నగరపు పని. ఇస్రోలో పనిచేసి వచ్చిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాక అను ఇరువురు యువకులు 2018లో హైదరాబాదున స్కైరూట్ సంస్థను స్థాపించిరి. 2020లో ప్రభుత్వము అంతరిక్షపు తలుపులను ప్రైవేటువారికి తెఱచెను. 2022 నవంబరు 18న వారి విక్రమ్-ఎస్ శ్రీహరికోటనుండి 89.5 కిలోమీటర్ల యెత్తునకు ఎగిరి సముద్రమున బడెను. భారతదేశమున ప్రైవేటువారు ఎగురవేసిన మొదటి రాకెట్టు అదియే. సంతోషింపదగిన దినము. అయినను ఎత్తునకు బోవుట వేఱు, కక్ష్యలో నిలుచుట వేఱు అని మఱువరాదు. కక్ష్యకై వారు కూర్చిన విక్రమ్-1 మొదటి మూడు దశలును ఘన ఇంధనపువి. కవచము కర్బనపు నారతో నేసినది. మొదటి దశకు వలయు కలాం-1200 మోటారును 2025 ఆగష్టున శ్రీహరికోటలో నేలపై మండించి పరీక్షించిరి.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. ఘన ఇంధనము దీపావళి చిచ్చుబుడ్డివంటిది: అంటించిన పిదప ఆర్పుట లేదు, ఆర్పి మరల అంటించుట యంతకంటెను లేదు. ఆర్పి వెలిగింపనేరని యింజను నేలపై మెల్లగా దిగనేరదు. కావున విక్రమ్-1 తిరిగివచ్చు రాకెట్టు కాదు, కానేరదు. తిరిగివచ్చుటకు ద్రవ ఇంధనపు టింజను వలయును. అందులకు పునాదియనదగిన యింజనునుగూడ వీరు ఆరంభించిరి: ద్రవీకృత సహజవాయువుతోను ద్రవ ప్రాణవాయువుతోను నడచు ధవన్ ఇంజనును 2021లో మండించి చూపిరి. అనగా విత్తనము పడినది. చెట్టు ఇంకను పెరుగవలసియున్నది. పండ్లు కోసితిమని చాటింపు వేయుట మాత్రము ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్నట్లగును. ఇంట గెలిచి రచ్చ గెలువు మన్నారు పెద్దలు. ముందు కక్ష్యను తఱచుగా, తప్పక చేరు నేర్పు. పిదప తిరిగివచ్చు నేర్పు.

మనలో నొక దురభ్యాసము గలదు. శ్రీరాముని బాణము సప్తసాలములను భేదించి అమ్ములపొదికి తిరిగివచ్చెను గనుక ఈ విద్య మనకు పూర్వమే తెలియునని సభలలో చెప్పి చప్పట్లు కొట్టించుకొనువారు కలరు. కథను భక్తితో చదువుకొందము. కాని ఊహకును ఉక్కునకును నడుమ వేయి రాత్రుల కూలి యున్నది. ఆ కూలిని తప్పించుకొనుటకు పురాణమును చాటుచేసికొనుట పురాణమునకును గౌరవము గాదు, కూలివానికిని గాదు.

మఱి తిరిగివచ్చు రాకెట్టువలన నిజమైన లాభమేమి? డబ్బు మిగులు టొకటి. అంతకు మించిన దింకొకటి గలదు. సముద్రమున మునిగిన రాకెట్టు తన లోపములను తనతోనే తీసికొనిపోవును. తిరిగివచ్చినది తన గాయములను చూపును: ఏ గొట్టము కందినదో, ఏ అతుకు సడలినదో, ఏ బోల్టు వేడికి సాగినదో. దానిని విప్పి చూచిన మేస్త్రి మఱుసటిమారు మేలుగా చేయును. తిరిగివచ్చు రాకెట్టు ఒక పాఠశాల. ఈ దేశమునకు కావలసినది ఆ పాఠశాలయే. దాని మొదటి విద్యార్థులు ఈ వాడలలోని ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు కావలయును. అది కావలెనన్న మూడు కార్యములు నెఱవేఱవలయును.

మొదటిది, అపజయమును సహించు ఓర్పు. 1979 ఆగష్టు 10న మన మొదటి ఎస్.ఎల్.వి.-3 బంగాళాఖాతమున గూలెను. నాటి ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ తానే పత్రికలవారి ముందు నిలిచి బాధ్యత వహించెనని అబ్దుల్ కలాము పలుమారులు చెప్పియున్నారు. మఱుసటి యేడు జూలై 18న అదే రాకెట్టు రోహిణిని కక్ష్యలో నిలిపెను. దిగుటకు యత్నించు రాకెట్లు కూలును, కాలును. నాడు నవ్వుటకు సిద్ధపడు జాతికి నేడు కొట్టు చప్పట్లు దక్కవు.

రెండవది, శాసనము. 1967 నాటి అంతర్జాతీయపు టొడంబడిక ప్రకారము ప్రైవేటువారి అంతరిక్షకార్యములకును వారి రాజ్యమే పూచీపడవలయును. 1972 నాటి ఒడంబడిక ప్రకారము రాకెట్టుగాని ఉపగ్రహముగాని ఒక దేశముపై బడి నష్టము గల్గించిన, దానిని ఎగురవేసిన రాజ్యము తప్పున్నను లేకున్నను పరిహారము చెల్లింపవలయును. ఇది కాగితపు మాట గాదు. 1978లో సోవియట్ ఉపగ్రహము కాస్మోస్-954 కెనడాపై బడగా, 1981లో సోవియట్ ప్రభుత్వము ముప్పది లక్షల కెనడా డాలర్లు ఇచ్చుకొనెను. అనగా లాభము వాటాదారులది, పూచీ మనయందఱిది. ఉద్దేశపూర్వకముగా భూమికి దిగివచ్చు రాకెట్టు విషయమున ఈ ప్రశ్న మఱింత పదునెక్కును. 2017లో మన దేశమున అంతరిక్ష కార్యకలాపముల బిల్లు ముసాయిదా వెలువడెను. 2023లో ప్రభుత్వము అంతరిక్ష విధానమును ప్రకటించెను. విధానము వేఱు, చట్టము వేఱు. విధానము చూపి న్యాయస్థానమున నష్టపరిహార మడుగలేము. భీమా యెంత, పరిహార మెవ్వరిది, ప్రయోగపు నాడు వేటకు పోవలదని హెచ్చరింపబడు పులికాటు జాలరి కూలి యెవ్వ రిత్తురు - ఇవి శాసనమున స్పష్టముగా నుండవలయును. ప్రయోగములు ఏటికి ఐదైన జాలరి సహించును. ఏబదియైన వాని వంట యేమగును?

మూడవది ఈ వాడలకు మిక్కిలి దగ్గఱిది. పెద్ద సంస్థలకు పని చేసి యిచ్చు చిన్న కార్ఖానాదారులు బిల్లులకై నెలలు వేచియుండుట మా వృత్తిలో మేము తఱచుగా చూచుచున్నారము. ఆఱుమాసములు సొమ్ము రాక, లేతుమరను కుదువబెట్టి కూలివారికి జీతము లిచ్చిన యొకాయన మా గుమాస్తా బల్లముందు కన్నీరు పెట్టుకొనెను. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము చిన్నవారి బాకీని 45 దినములలోపల తీర్చవలెననియు, తీర్చనిచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టవలెననియు శాసించుచున్నది. చట్టమున్నది; అడుగువానికి మఱుసటి ఆర్డరు పోవునను భయమున్నది. మీరు ఒంటిగా నడుగకుడు, సంఘముగా నడుగుడు. మందపు వెండ్రుకంత తేడాలేక లోహమును కోయగలవాని చేయి ఆకలితో వణకరాదు. వణకిన చేతినుండి వచ్చిన బోల్టు ముప్పదిమారులు ఆకాశమునకు పోయి రానేరదు.

పెట్టుబడిని గూర్చి ఒక్క మాట. స్కైరూట్ సంస్థలో సింగపూరు దేశపు జి.ఐ.సి., టెమాసెక్ సంస్థలు ధనము పెట్టినవి. 2024లో సవరించిన నియమములు రాకెట్ల తయారీలో 49 శాతమువరకు విదేశీ పెట్టుబడి ముందస్తు అనుమతి లేకయే రానిచ్చినవి. పరుల ధనమును చూచి మేము బెదరము. కాని ఇస్రో విద్య ప్రజల పన్నులతో ఆఱు దశాబ్దములు కూడబెట్టినది. ఆ విద్యనుండి మొలచిన లాభములో ఈ వాడల పిల్లలకు వృత్తిశిక్షణగానైనను ఒక పాలు రావలెనని యడుగుట అసూయ గాదు, లెక్క.

సోదరులారా, ఈ వాడలలో తయారైన భాగమొకటి ఒకనాడు ఆకాశమునకు బోయి, వేడిని దాటి, శ్రీహరికోట యిసుకపై మరల నిలువవలెనని మా కోరిక. అది నెఱవేఱుటకు పంచాంగము చూడనక్కఱలేదు. కార్ఖానాదారుడు కొలత తప్పకుండవలయును. కొనువాడు గడువు తప్పకుండవలయును. శాసనసభికుడు చట్టము చేయవలయును. పౌరుడు అడుగుట మానకుండవలయును. పోయిన రాకెట్టును తిరిగి రప్పించుట శాస్త్రజ్ఞుని పని. పోయిన శ్రమఫలమును శ్రమించినవాని యింటికి తిరిగి రప్పించుట మనయందఱి పని.